కొండబాటలో పరుగు, జేబులో చెత్త

పరుగుపందెము అనగానే మనకు బడి మైదానము, సున్నముతో గీసిన గీతలు, మాస్టారి ఈల గుర్తుకు వస్తాయి. అయితే కొండలలో, అడవులలో, కాలిబాటల వెంట పగలూ రాత్రీ సాగే పందెములు కూడా ఉన్నాయి. 42 కిలోమీటర్ల మారథాన్‌ను మించిన ఇట్టి పరుగులను అల్ట్రా మారథాన్లు అంటారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 100 మైళ్ళ గుర్రపు స్వారీ పందెము ఒకటి ఉన్నది. 1974లో గోర్డీ ఐన్‌స్లీ అనే ఆయన గుర్రము లేకుండానే ఆ దారి అంతా పరుగెత్తి, 23 గంటల 42 నిమిషములలో ముగించాడు. దాని నుండి పుట్టినదే నేటి వెస్టర్న్ స్టేట్స్ పందెము.

ఇంత దూరము పోయేవారు దారిలో తినాలి, త్రాగాలి. వారు ఎక్కువగా తీసుకునేది చిక్కని తీపి జెల్లు. అది మన కిరాణా కొట్టులో వ్రేలాడే షాంపూ ప్యాకెట్ వంటి దానిలో వస్తుంది. పండ్లతో మూల చింపి నోటిలో పిండుకొంటారు. చిక్కంతా ఆ చిన్న మూలతోనే. ఖాళీ ప్యాకెట్‌ను చాలామంది గుర్తుంచుకొని జేబులో వేసుకొంటారు గాని, గోరంత మూల ముక్క ఎక్కడ పడినదో చూడరు. రాత్రి రెండు గంటలకు, తలకు కట్టుకొన్న దీపపు వెలుతురులో, కాళ్ళు మొద్దుబారినవాడు దానికోసము వంగుతాడా? అందుకే అనుభవజ్ఞులు మూలను పూర్తిగా తెంపకుండా ప్యాకెట్‌కే అంటుకొని ఉండేటట్లు చింపుతారు. చెత్తకు వేరుగా జిప్పు ఉన్న జేబు ఒకటి ఉంచుకొంటారు. తినేవాటి జేబులోనే చెత్త కూడా కుక్కితే, ఇంకొక ప్యాకెట్ తీసేటప్పుడు పాతది జారి పడుతుంది.

రోడ్డు మీది పందెముల పద్ధతి వేరు. దక్షిణాఫ్రికాలో 1921 నుండి జరుగుతున్న కామ్రేడ్స్ పరుగులో దారి పొడవునా ప్లాస్టిక్ ప్యాకెట్లలో నీళ్ళు అందిస్తారు. త్రాగి రోడ్డుమీద పడవేసేవారే ఎక్కువ, ఊడ్చేవారు వెనుక ఉంటారు. కొండమీద ఊడ్చేవారెవరు? అక్కడ పడినది వాగులోకి పోతుంది, లేదా ఏ పశువు కడుపులోకో పోతుంది. ప్లాస్టిక్ మేసిన ఆవు ఏమవుతుందో మన పల్లెవారికి ఒకరు చెప్పనక్కరలేదు.

నిర్వాహకులు దీనికి రకరకాల ఉపాయములు చేశారు. మొరాకో ఎడారిలో 1986లో ప్యాట్రిక్ బావర్ ప్రారంభించిన మారథాన్ దే సాబ్ల్ సుమారు 250 కిలోమీటర్ల పందెము. అక్కడ చాలా సంవత్సరములు ఇచ్చే ప్రతి నీళ్ళ సీసామీద పరుగెత్తేవాని నంబరు వ్రాసేవారు. ఇసుకలో సీసా దొరికితే అది ఎవరిదో దాచే వీలు లేదు. శిక్షగా వాని లెక్కలో సమయము కలిపేవారు. 2003లో మొదలై మూడు దేశముల గుండా మోన్ బ్లాంక్ పర్వతము చుట్టూ సాగే పందెములో ఎవరి గ్లాసు వారే తెచ్చుకోవాలి. అది లేనిదే బయలుదేరనివ్వరు. పెండ్లి భోజనముల తరువాత వాడి పారేసిన గ్లాసుల గుట్టలు చూచినప్పుడెల్లా మాకు ఈ నియమము గుర్తుకు వస్తుంది.

అరటితొక్క, నారింజతొక్క మట్టిలో కలిసిపోయేవే గదా అని కొందరి వాదన. చల్లని ఎత్తైన చోట్ల అవి నెలల తరబడి కుళ్ళవు. వాటికి అలవాటుపడిన అడవి జంతువులు మనుష్యుల దారికి వస్తాయి. కనుక తొక్క కూడా జేబులోకే. మలవిసర్జనకు సైతము పద్ధతి ఉన్నది. బాటకు, నీటికి 200 అడుగుల దూరము పోయి, ఆరు నుండి ఎనిమిది అంగుళముల గుంట త్రవ్వి, తరువాత పూడ్చాలి.

ఇక మర్యాద సంగతి. ఒక్కరు పట్టే బాటలో ఇద్దరు ఎదురుపడితే, దిగేవారు ఎక్కేవారికి దారి ఇవ్వడము ఆనవాయితీ. మన పొలము గట్టుమీద నెత్తిన మోపు ఉన్నవారికి ఉత్త చేతులవారు తప్పుకోవడము లాంటిదే. గుర్రములకు అందరూ తప్పుకోవాలి. వెనుకనుండి వచ్చేవాడు ముందుగా పలకాలి గాని భుజము తోసుకొని పోరాదు. ఇంగ్లాండు కొండలలో గొర్రెల మేత భూముల గుండా వెళ్ళేటప్పుడు తెరిచి ఉన్న గేటును తెరిచే, మూసి ఉన్న గేటును మూసే వదలాలి. ఒక్కడు తొందరలో మరచిపోతే ఆ కాపరికి ఆ రోజంతా వెదుకులాటే.

ఇదంతా కేవలము శుభ్రత కోసమే కాదు. ఆ నేల పరుగెత్తేవారిది కాదు. వెస్టర్న్ స్టేట్స్ బాటలో కొంత భాగము 1984లో చట్టముచేత రక్షిత అరణ్యమైనది. అందువలన సుమారు 369 మందినే పరుగెత్తనిస్తారు. 2024 పందెమునకు దాదాపు 10 వేల మంది పేర్లు ఇచ్చుకొంటే చీటీలు తీయవలసి వచ్చినది. అటవీశాఖ అనుమతి లేనిదే పందెము లేదు. బాట పాడైతే ఆ అనుమతికే ముప్పు. చోటు దొరికినవారు కూడా ఊరికే పరుగెత్తడానికి లేదు. బాటల మరమ్మతులోనో, మరొక పందెములో సాయముగానో ఎనిమిది గంటలు పనిచేసి ఉండాలి. గడ్డపార పట్టి రాళ్ళు సర్దినవానికి ఆ బాటమీద చెత్త వేయాలంటే చేయి రాదు.

ఇట్టి పందెములలో చిట్టచివరివాని వెనుక కూడా ఇద్దరు ముగ్గురు వస్తుంటారు. వారికి నంబరు లేదు, పతకము లేదు. దారి చూపుటకు కొమ్మలకు కట్టిన రిబ్బన్లను ఒక్కొక్కటే విప్పుకొంటూ, క్రింద మెరిసే మూల ముక్కలను ఏరి సంచిలో వేసుకొంటూ నడుస్తారు. వారు క్రిందికి దిగేసరికి బహుమతులు పంచడము ముగిసి, షామియానా కూడా విప్పేసి ఉంటారు.