ఆరాధనలో ఆ పాతదనం ఎందుకు?

హాస్టల్లో ఆదివారం అంటే బట్టలు ఉతుక్కునే రోజు, ఊరి నుంచి అమ్మానాన్నలు చూడటానికి వచ్చే రోజు. ఆ పొద్దున్నే కొందరు తమ్ముళ్లు ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని చర్చికి బయలుదేరతారు. వాళ్లు తిరిగి వచ్చాక మిగతావాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. సెల్‌ఫోన్ల కాలంలో ఆ హార్మోనియం పాటలేమిటి, ఎవరూ మాట్లాడని ఆ భాషేమిటి, గంటల తరబడి ఆ కూర్చోవడమేమిటి అని. చర్చికి వెళ్లే తమ్ముళ్ల మనసులోనూ ఈ ప్రశ్న లేకపోలేదు. ఎగతాళిగా అడిగినా మంచి ప్రశ్నే కనుక జవాబు వెతుకుదాం.

ముందు భాష సంగతి. 1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని, బైబిలు అనువాదానికి పూనుకున్నారు. ఆ రోజుల్లో పుస్తకం అంటే గ్రాంథికమే. తర్వాతి అనువాదకులూ ఆ దారిలోనే నడిచారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు మన ప్రాంతం వారే కావడం ఇక్కడ విశేషం. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు. ఆయన పోరాటం తర్వాత పత్రికలు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి. ప్రార్థన మాత్రం పెద్దగా మారలేదు. కారణం మొండితనం ఒక్కటే కాదు. మన పేటల్లో అక్షరం రాని మామ్మలు వాక్యాలను చెవితో విని నోటికి నేర్చుకున్నారు. పుస్తకంలో ఉన్నదాన్ని దిద్దవచ్చు గాని నోట్లో నిలిచినదాన్ని దిద్దడం ఎవరి తరం? పైగా అది పండితుల భాష. తమను బడి గుమ్మం ఎక్కనివ్వని రోజుల్లో ఆ భాషలోనే గొంతెత్తి దేవుడితో మాట్లాడే హక్కు వాళ్లకు దొరికింది. దాన్ని అంత తేలిగ్గా ఎవరు వదులుకుంటారు? ఇప్పుడు వాడుక భాషలో అనువాదాలు వచ్చాయి. ఇంట్లో చదువుకోవడానికి అవే హాయి. అయినా చర్చిలో నిలబడి చదివేటప్పుడు చాలామంది పాతదే తెరుస్తారు.

పాటల కథ ఇంకా ఆసక్తికరం. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి గారు క్రైస్తవ మతం స్వీకరించిన తర్వాత శ్రీకాకుళం, బరంపురం ప్రాంతాల్లో బోధకుడిగా తిరిగారు, తెలుగులో ఎన్నో కీర్తనలు రాశారు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిచి చూడండి, పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. దొరల బాణీకి తెలుగు మాటలు అతికించడం ఒక పద్ధతిగా ఉన్న కాలంలో మన రాగంలో పాడటమంటే అదొక కొత్తదనం. ఈనాడు మనం పాతదని నవ్వే పాట ఆనాటి కుర్రకారు కొత్తగా నేర్చుకున్న పాటే. ఇప్పటి కీబోర్డు, డ్రమ్ముల పాటలకూ రేపు అదే గతి, సందేహం లేదు!

కేథలిక్కుల దగ్గర మార్పు మరీ నిదానం. రెండవ వాటికన్ మహాసభ (1962-65) దాకా వారి పూజ లాటిన్‌లోనే సాగింది. ఆ తర్వాతే తెలుగు వచ్చింది. నేల మీద కూర్చోవడం, హారతి పట్టడం వంటి భారతీయ పద్ధతులకు 1969లో అనుమతి దొరికింది.

ఇంతవరకు చెప్పిన పాతదనం కాలం వల్ల వచ్చి చేరింది. మారినా నష్టం లేదు. అసలు తేడా వేరే చోట ఉంది. బయటి బతుకులో గంటకు ఒక వెల ఉంటుంది. కూలికి వెళితే డబ్బులు, స్టడీ అవర్లో కూర్చుంటే మార్కులు. ఆరాధనలో గడిపిన గంటకు చేతికి ఏమీ రాదు. ఆదివారాన్ని సెలవుగా రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ ప్రకటించింది 321లో. అంతకుముందు క్రైస్తవులకు అది పనిరోజే. తెల్లవారకముందే కలుసుకుని, ఆపైన పనులకు పోయేవారు. మన పల్లెల్లో కూడా పగలు కూలికి వెళ్లినవాళ్లు రాత్రి దీపం వెలుగులో కూడుకునేవారు. యజమానికి చెందని గంట ఒకటి తమకు ఉందని వాళ్లు అలా చూపించుకున్నారు. దాన్ని తొందరగా ముగించాలని అడగడంలో అర్థం లేదు. (ప్రసంగాలు కొంచెం కుదిస్తే మంచిదే, అది వేరే విషయం.)

రెండో తేడా రొట్టె, ద్రాక్షరసం. అంటరానితనం నేరమని 1955లో చట్టం వచ్చాక కూడా మన రాష్ట్రంలో ఎన్నో టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. ఆ కాలంలో చర్చిలో ఒకే రొట్టె విరిచి అందరి చేతుల్లో పెట్టడం బయటి లోకపు ఆచారానికి పూర్తిగా ఎదురు. కొన్ని చర్చిల్లో ఒకే గిన్నె చేతులు మారుతుంది, కొన్నింటిలో చిన్న చిన్న గ్లాసులు ఇస్తారు. నిజం దాచకూడదు కాబట్టి ఇదీ చెప్పాలి. బయటి కులం లోపలికి వచ్చి కూర్చున్న చర్చిలూ ఉన్నాయి. తమిళనాడులోని వడక్కన్‌కుళంలో కులాలను వేరుచేస్తూ చర్చి లోపలే గోడ కట్టారు. మన తెలుగు సంఘాల్లో గోడలు లేకపోయినా పెళ్లి సంబంధాల దగ్గర, సంఘ పెద్దల ఎన్నికల దగ్గర కులం తొంగిచూస్తూనే ఉంది. అలాంటి చోట ఆరాధన పాతదిగా ఉంది గాని, వేరుగా లేదు. ఈ రెండు మాటలూ ఒకటే అనుకోవడం వల్లే మన వాదనలు ఎటూ తేలవు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు దీనికి ఒక పరీక్ష జరిగింది. ఆ ఏడాది ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టర్‌కు చర్చిల తలుపులు మూసి ఉన్నాయి. పాట ఫోన్‌లో వచ్చింది, ప్రసంగం ఫోన్‌లో వచ్చింది, కానుక కూడా ఫోన్‌లోనే పంపవచ్చన్నారు. పక్కవాడి చేతి నుంచి అందుకోవలసిన రొట్టె మాత్రం రాలేదు.