పిలిచినందుకే పడకేసింది!

ల్యాప్‌టాప్ ఎంత వేడెక్కుతోందో చూద్దామని ఓ చిన్న ప్రోగ్రామ్ నడిపారు. తర్వాత ఆన్ చేయబోతే... అది లేవనే లేదు!

2000 దశకం తొలినాళ్లలో లినక్స్ వాడే కొందరు ఐబీఎం థింక్‌ప్యాడ్ యజమానుల అనుభవమిది. వాళ్లేమీ చెరపలేదు, రాయలేదు. లోపల ఉష్ణోగ్రత కొలిచే చిప్‌లు ఏమున్నాయో వెతకమన్నారంతే.

ఇదెలా జరిగిందో తెలియాలంటే కంప్యూటర్ లోపలి ఓ వీధిలోకి వెళ్లాలి. దాని పేరు ఐ-టు-సీ బస్. ఫిలిప్స్ సంస్థ 1980ల మొదట్లో రూపొందించింది. ఉన్నవి రెండే తీగలు. ఒకదాని మీద సమాచారం నడుస్తుంది, రెండోది దానికి లయ చూపిస్తుంది. ఈ వీధిలో ప్రతి చిప్‌కీ ఓ ఇంటి నంబరు. ప్రత్యేక అవసరాలకు పక్కన పెట్టినవి పోగా మిగిలేవి 112. నంబరు పిలిచి, వెంటనే ‘చెబుతున్నా’ అనో ‘అడుగుతున్నా’ అనో ఒక్క బిట్‌తో తెలపాలి. ఆ నంబరు చిప్ ఉంటే ‘ఊఁ’ కొడుతుంది.

కంప్యూటర్‌కీ ఈ వీధికీ మధ్య దుబాసీ పని చేసేది అడాప్టర్. మదర్‌బోర్డు మీదే ఉంటుంది, యూఎస్‌బీకి తగిలించుకునేవీ దొరుకుతాయి. లినక్స్‌లో అది మామూలు ఫైలులాగే కనిపిస్తుంది. తెరవడం, నంబరు చెప్పడం, చదవడం, రాయడం... ప్రోగ్రామర్‌కి కావలసిన ఫంక్షన్లు ప్రధానంగా ఇవే. కొత్తగా నేర్చుకునేవారు కూడా ఓ పూటలో రాసేయొచ్చు. చిక్కంతా మరో చోట ఉంది.

యూఎస్‌బీ పరికరమైతే తగిలించగానే ‘నేను ఫలానా’ అని చెప్పుకుంటుంది. ఐ-టు-సీ చిప్‌లకు ఆ మర్యాద లేదు. ఎవరున్నారో తెలియాలంటే ఒక్కో నంబరూ పిలుచుకుంటూ పోవాల్సిందే. అందుకు అతి తేలికైన పద్ధతి... నంబరు పిలిచి, ‘చెబుతున్నా’ అని, ఏమీ చెప్పకుండానే ముగించేయడం. చాలా చిప్‌లు ‘ఊఁ’ కొట్టి మర్చిపోతాయి.

ఆ థింక్‌ప్యాడ్‌లలోని 24ఆర్ఎఫ్08 అనే ఈప్రామ్ చిప్ మాత్రం మర్చిపోలేదు. ఉత్తి పిలుపుతోనే రాత మొదలైందనుకుని తికమకపడేది. దాంతో అందులో దాచిన సమాచారం చెడిపోయేది. ఆ సమాచారం యంత్రానికి గుర్తింపు కార్డు లాంటిది. స్టార్టయ్యేటప్పుడు లెక్క సరిపోకపోతే ల్యాప్‌టాప్ అక్కడే ఆగిపోతుంది. మామూలు మనిషి ఇంట్లో కూర్చుని సరిచేసుకునే రోగం కాదది! తప్పు చిప్‌దే అనుకోవచ్చు. కానీ చిప్‌లను ఇళ్లకెళ్లి మార్చలేరుగా... సర్దుకోవాల్సింది ప్రోగ్రామే.

సర్దుకుంది కూడా. ఓ అడాప్టర్ డ్రైవర్ అయితే ఐబీఎం యంత్రమని తెలిస్తే చాలు, అసలు పనిచేయనని మొరాయించేది. లినక్స్ కెర్నెల్‌లో పెట్టిన ఉపాయం ఇంకా తమాషా. 80 నుంచి 95 వరకూ ఉన్న నంబర్లలో ఎవరైనా పలికితే, అదే పిలుపు వెంటనే మరోసారి పంపాలి! మొదటి పిలుపుతో తికమకపడ్డ చిప్ రెండో దానితో కుదుటపడుతుందన్నమాట. ఒక్క ‘ఇఫ్’, దాని కింద ఒక్క ఫంక్షన్. పైన కారణం చెప్పే చిన్న వ్యాఖ్య లేకపోతే, పొరపాటున రెండుసార్లు రాశారనుకుని ఎవరో ఒకరు తీసేసేవారే.

చిప్‌లను వెతికే ఐటుసీడిటెక్ట్ అనే ప్రోగ్రామ్ ఇప్పుడు ఆ నంబర్లకు ‘చెబుతున్నా’ అనదు, ఒక బైట్ ‘అడుగుతుంది’. అయినా మొదలుపెట్టే ముందు సమాచారం పోవచ్చని హెచ్చరించి, కొనసాగించమంటారా అని మిమ్మల్ని అడిగాకే కదులుతుంది.