నవదంపతుల చిన్న వేడుకలు

మన గోదావరి సీమలో క్రొత్త కోడలు అత్తవారి గడప త్రొక్కు వేళ ఆడపడుచు వాకిలి కడ్డముగా నిలుచును. "పేర్లు చెప్పి లోపలికి రండి" అని ఆమె పట్టు. వరుడు వధువు పేరును, వధువు వరుని పేరును చెప్పనిదే దారి విడువదు. చుట్టునున్నవారు నవ్వుచుండగా పెండ్లికూతురు తల వంచుకొని ఎట్లో ఆ పేరు పలుకును. అటుపిమ్మట "ఏమండీ", "మా వారు" అను మాటలతోనే కాలము గడపవలసిన ఇల్లాలికి, నలుగురి యెదుట మగని పేరు పలుకుటకు పెద్దలే ఇచ్చిన సెలవు అది.

ఇట్టి చిన్న వేడుకలు మన ఆచారములలో పెక్కు గలవు. వీనిని వట్టి మోటు సరసములని త్రోసివేయుట తగదని మా అభిప్రాయము. ఇవి ఎందుకు అవసరమైనవో తెలియవలెనన్న, నాటి దంపతుల వయస్సు తెలియవలెను. 1929లో శారదా చట్టము వచ్చి 1930 ఏప్రిలులో అమలగువరకు బాల్యవివాహములకు అడ్డు లేకుండెను. ఆ చట్టము సైతము పిల్లకు 14, పిల్లవానికి 18 ఏండ్లు చాలునన్నది. 1978లో గాని అవి 18, 21 కాలేదు. పీటలపై కూర్చున్నవారు తరచుగా ఒకరినొకరు ఎరుగని పసివారు. బిందెలో ఉంగరము వేసి ఇరువురి చేత వెదకించుట, పూలబంతులాట, తలంబ్రాలలో పోటీ ఆ బెరుకును పోగొట్టెడివి. ఆటలో పరాయితనము నిలువదు గదా! అయితే, ఆ పసిదానికి మగడు పోయినచో ఈ వేడుకలన్నియు నాటితో సరి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించినది అట్టివారికి మరల బ్రతుకు నిచ్చుటకే.

పెండ్లియైన తొలియేడు దంపతుల కలయికను, ఎడబాటును పంచాంగమే నిర్ణయించెడిది. ఆషాఢమున కోడలు పుట్టింటికి పోవును. అత్తాకోడండ్రు ఒక గడప దాటరాదందురు. దీనికి పెద్దలు రెండు కారణములు చెప్పుదురు. ఆ నెలలో గర్భమైనచో మండువేసవిలో కాన్పు వచ్చునని ఒకటి. సేద్యపు ఒత్తిడి రెండవది. ధవళేశ్వరము వద్ద 1847లో మొదలిడి 1852లో ముగించిన ఆనకట్ట మూలమున పంటసీమయైన డెల్టా ఇది. నేడు దాని స్థానముననున్న బ్యారేజి క్రింద సుమారు పది లక్షల ఎకరములు సాగగుచున్నవి. తొలకరికి కాలువలు వదలినంతనే ఆకుమళ్లు, దమ్ములు, ఊడ్పులు వరుసగా వచ్చును. ఇంట ఎవరికిని తీరిక ఉండదు. కారణమేదైనను, చదువు వచ్చిన దంపతులకు ఆ నెల ఉత్తరములు వ్రాయుట నేర్పినది. ఎదుటనున్నప్పుడు నోట రాని మాట కాగితము మీద వచ్చెడిది. కార్డు వ్రాసినచో ఇంటిల్లిపాదియు చదువుదురు గావున, తెలిసినవారు కవరే కొనెడివారు!

శ్రావణమున మంగళగౌరీ నోము వచ్చును. క్రొత్త పెండ్లికూతురు దానిని ఐదేండ్లు నోచును. ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది. ముందునాటి రాత్రి గోరింటాకు, తెల్లవారుజామున గోంగూర పచ్చడితోను పెరుగుతోను అన్నము, తరువాత ఉయ్యాలలు. పగలంతయు ఉపవాసముండి చంద్రదర్శనమైన పిదప గౌరీపూజ, అట్ల వాయనము. గోరింట ఎఱ్ఱగా పండినచో మంచి మగడని వాడుక. పండినది తన మంచితనము వలననే యని మగడును, ఆకు నూరిన చేతి గొప్ప యని ఇల్లాలును వాదులాడుకొనుట ఆ నోములోని రుచి.

సంక్రాంతికి క్రొత్త అల్లుడు అత్తవారింటికి వచ్చును. మరదండ్రు, బావమరదులు ఆటపట్టించుటయే పండుగలో సగము. కనుమనాడు అంబాజీపేట చెంత జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభల తీర్థము జరుగును. తీర్థములో మగడు కొనియిచ్చిన డజను గాజులు కొందరికి పెండ్లినగల కంటె ముద్దు. 2022 సంక్రాంతికి నరసాపురమున ఒక కుటుంబమువారు కాబోవు అల్లునికి 365 రకముల పదార్థములు వడ్డించిరని పత్రికలలో చదివితిమి. ముచ్చటయే, కాని అన్ని గిన్నెల నడుమ ఇద్దరు మాటలాడుకొనుటకు చోటెక్కడ? వేడుక పెద్దదైనకొలది అది బంధువులదగును. చిన్నదిగా ఉన్నంతవరకే అది దంపతులది.

నాడు ఇంటినిండ జనము. ఇద్దరు కలిసి నవ్వుటకు ఒక నెపము కావలెను. ఆ నెపమును ఆచారము చేకూర్చెడిది. నేడు నెపముతో పనిలేదు. మగని పేరు పలుకుటకు సెలవు అడుగనక్కరలేదు. ఇది మేలైన మార్పే. కాని ఇద్దరును ఉద్యోగములకు పోయి రాత్రికి ఇల్లు చేరి, ఎవరి ఫోను వారు చూచుకొనుచు నిద్రపోవు దంపతులు పలువురున్నారు. చోటు దొరకినది, తీరిక పోయినది. ఒకప్పుడు ఆచారము చేసిన పనిని ఇప్పుడు దంపతులే పూనుకొని చేసికొనవలెను.

దానికి ధనము అక్కరలేదు. వామనగుంటల పీటకు రెండు వరుసల పదునాలుగు గుంటలు, గుప్పెడు చింతపిక్కలు చాలును. ఇద్దరే ఆడవలసిన ఆట అది. రాజమహేంద్రవరమున నున్నవారికి గోదావరి గట్టున్నది. సాయంకాలము పుష్కరఘట్టము మెట్లపై కూర్చున్నచో నీటిగాలికి పగటి చిరాకు తగ్గును. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము మొదలైన నాటినుండి తెనుగిండ్లలో రేడియో నాటకము ఇట్టి వేడుకయే. ఒక పెట్టె, రెండు జతల చెవులు. చేతులు చిక్కుడుకాయలు ఒలుచుచున్నను చెవులు ఒకే కథ వినును. నాటకమైన తరువాత "ఆ కోడలిది తప్పు" అని ఒకరు, "కాదు, అత్తదే" అని వేరొకరు వాదించుకొనవచ్చును. ఆ వాదము తేలకున్నను నష్టము లేదు. మరునాటికి మాట మిగిలియుండును.