జీవో ఇస్తే భాష నడుస్తదా?

నాది ఇంజినీరింగ్ సదువు కాదు. కంప్యూటర్ ముచ్చట్లు నెట్ సెంటర్ల కూసొని, దొరికిన పుస్తకం సదువుకుంట నేర్చుకున్న. అట్ల సదువుతుంటె ఒక సంగతి దొరికింది, మీకు చెప్పాల్సిందే.

1990ల ఆఖర్ల మా ఊరి అన్న ఒకాయన ఎకరం పొలం అమ్మి అమీర్‌పేటల కోబాల్ నేర్చిండు. పాత ప్రోగ్రాములల్ల సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసిన్రు, 2000 వస్తె లెక్కలు తప్పుతయని కంపెనీలు భయపడుతున్న రోజులవి. అన్నకు అమెరికాల నౌకరి దొరికింది. ఆ కోబాల్ ఎన్క ఉన్నది అమెరికా రక్షణ శాఖ. అదే శాఖ తర్వాత అడా అనే ఇంకో భాషను పుట్టిచ్చింది. దాని పేరు మీలో ఎందరు ఇన్నరు? తల్లి ఒక్కతే, బిడ్డల రాత ఎందుకు వేరైంది?

1959ల ఒక్కో కంపెనీ మిషన్‌కు ఒక్కో తీరు కోడ్ రాయాల్సి వచ్చేది. మిషన్ మారిస్తె పనంతా మళ్ల మొదటికి. అందుకే రక్షణ శాఖ కంపెనీలను కూసోబెట్టి అందరికీ పనికొచ్చే భాష కావాలన్నది. గ్రేస్ హాపర్ అంతకుముందు చేసిన ఫ్లో-మాటిక్ భాషే దానికి పునాది. 1960 డిసెంబర్‌ల ఒకే ప్రోగ్రాం రెండు కంపెనీల మిషన్ల మీద నడిచింది. గప్పుడు సర్కారు అమ్మేటోళ్లకు షరతు పెట్టింది: కోబాల్ కంపైలర్ లేని మిషన్‌ను మామూలుగ కొనం. మనం రాసిన కోడ్‌ను మిషన్‌కు తెలిసేటట్టు మార్చేదే కంపైలర్. అంత పెద్ద గిరాకీని ఎవలు ఇడుస్తరు? కంపెనీలన్నీ కంపైలర్ చేసినయి. జీతాలు, బిల్లుల లెక్కలు బ్యాంకులకూ కావాలె కాబట్టి ఆళ్లూ అందుకున్నరు.

1970లల్ల రక్షణ శాఖ పనులల్ల 450కి పైగ భాషలు వాడుతున్నరని తేలింది. అన్నిటికీ బదులు ఒక్కటి ఉండాలని అడాను తయారు చేయించిన్రు. 1983ల ప్రమాణం వచ్చింది. భాష మంచిదే, తప్పులను ముందే పడుతది. కానీ ఈసారి హుకుం కోడ్ రాసేటోళ్ల మీద పడ్డది. మొదట్ల వచ్చిన కంపైలర్లు పిరం, నిదానం. నాగలి ఇయ్యకుంట దున్నుమన్నట్టయింది. అప్పటికే సి భాష యునిక్స్‌తోపాటు తక్కువ ఖర్చుల యూనివర్సిటీలకు చేరింది, పిలగాండ్లు దాన్నే నేర్చిన్రు. అడా వద్దనుకున్నోళ్లు మినహాయింపులు తెచ్చుకున్నరు. 1997ల రక్షణ శాఖే ఆ నిబంధన ఎత్తేసింది. అడా సావలేదు. బోయింగ్ 777 విమానంల ఉన్నది. తప్పు జరిగితె పానాలు పోయే పనులల్ల దానికి ఇప్పటికీ విలువున్నది. కానీ ఊరూరికి రాలేదు.

నాకు అర్థమైంది ఇది. అమ్మేటోని మీద షరతు పెట్టి, పనిముట్టు అందరి చేతికొచ్చేటట్టు చేసి, బయట కూడా దాని అవసరముంటె హుకుం పారుతది. ఒట్టి కాయితం మీది హుకుం ఆఫీసు గోడ దాటదు.

తమ్మీ, చెల్లే, రేపు ఎవలన్న వచ్చి “ఇది సర్కారు చెప్పిన కోర్సు, ఫీజు కట్టు” అంటె మూడు మాటలు అడుగుండ్రి. పనిముట్టు ఉత్తగ దొరుకుతదా? సర్కారు బయట దీన్ని ఎవలు వాడుతున్నరు? రేపు ఆ జీవో ఎత్తేస్తె నా నౌకరి ఉంటదా? జవాబు రాకపోతె ఎకరం అమ్మకుండ్రి.