ఆడా, మగా? ఇసుకనే అడగాలి

శ్రీకాకుళం జిల్లా సోంపేట నుంచి ఒక పాఠకుడు ఇలా రాశారు: "బారువ తీరంలో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంటే మా చిన్నమ్మాయిని తీసుకెళ్లాను. వీటిలో ఆడవెన్ని, మగవెన్ని అని అడిగింది. అక్కడెవరూ చెప్పలేకపోయారు. మీరు చెప్పగలరా?"

చెప్పలేకపోవడం వాళ్ల తప్పు కాదు. అరచేతిలో ఇమిడే ఆ పిల్లను ఎంత తిప్పి చూసినా పైకి ఏ గుర్తూ కనిపించదు. చనిపోయిన పిల్లను కోసి మైక్రోస్కోపు కింద చూడడం తప్ప శాస్త్రవేత్తలకు కూడా చాలాకాలం వేరే దారి లేకపోయింది. కానీ ఆ చిన్నారి ప్రశ్న వెనక, జీవశాస్త్రం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఉంది.

ముందు నాలుగు ముక్కలు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి మొదలు వేసవి దాకా రాత్రిపూట మన ఒడ్డెక్కుతాయి. అడుగున్నర లోతు గొయ్యి తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతాయి. వాటిని నక్కలు, కుక్కలు తోడేయకముందే అటవీశాఖ, ట్రీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తరఫున తీరంలో తిరిగే మత్స్యకార యువకులు ఏరి హేచరీకి చేరుస్తారు. అక్కడ మళ్లీ గొయ్యి తీసి పాతిపెడతారు. తెల్లారేలోగా చేర్చాలనే తొందరకు కారణముంది. గుడ్డు బయటపడిన కొన్ని గంటలకే పిండం పైభాగాన పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు దొర్లితే ప్రాణం పోవచ్చు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పైకొస్తాయి.

ఇక అసలు సంగతి. మనకున్నట్టు ఎక్స్, వై క్రోమోజోములు సముద్ర తాబేలుకు లేవు. గుడ్డు పెట్టినప్పుడు అది ఆడా కాదు, మగా కాదు. పొదిగే కాలాన్ని మూడు భాగాలు చేస్తే, నడిమి భాగంలో ఇసుక ఎంత వేడిగా ఉందన్నదే తేలుస్తుంది. చల్లగా ఉంటే మగ, వెచ్చగా ఉంటే ఆడ. రిడ్లేలకు 29, 30 డిగ్రీల నడుమ ఎక్కడో తూకం సరిగా నిలుస్తుంది. రెండు డిగ్రీలు అటో ఇటో జరిగితే గోతిలోని పిల్లలన్నీ ఒకే వైపు ఒరిగిపోతాయి. ఒంట్లో వేడి ఎక్కువైతే మగబిడ్డ పుడతాడని అరిస్టాటిల్ నమ్మాడు. తాబేలు దగ్గర ఆయన పూర్తిగా తలకిందులయ్యాడు.

వేడి ఆడా మగా తేల్చగలదని మొదట చూసింది మడలీన్ షార్నియే అనే పరిశోధకురాలు, 1966లో, సెనెగల్‌లోని డాకార్‌లో. ఆమె చూసింది తాబేలును కాదు, తొండను. చాలామంది పట్టించుకోలేదు. దాని ఫలితం 1978లో మొదలైన ఒక పెద్ద ప్రయత్నం మీద పడింది. అంతరించిపోతున్న కెంప్స్ రిడ్లే అనే మరో సముద్ర తాబేలును కాపాడాలని మెక్సికో నుంచి అమెరికాలోని టెక్సాస్‌కు గుడ్లు తెచ్చి, థర్మోకోల్ పెట్టెల్లో భద్రంగా పొదిగించారు. ఇసుకలో ఉండే వేడి ఆ పెట్టెల్లో లేదు. మొదటి కొన్నేళ్లలో పుట్టినవాటిలో ఎక్కువ మగవే! ఆడవి లేనిదే మళ్లీ గుడ్లు ఎక్కడివి? తర్వాత వేడి పెంచి సరిదిద్దుకున్నారు. ప్రేమతో చేసిన పని కాబట్టే ఈ పొరపాటు నన్ను వెంటాడుతుంది.

మన పొరుగునే ఒడిశాలో ప్రియంవద మహంతి హెజ్మాడి 1980లలో రిడ్లే గుడ్ల మీద ఈ వేడి లెక్కను పరిశీలించారు. తోక తెగిన కప్పపిల్లకు విటమిన్ ఎ ఇస్తే తోకకు బదులు కాళ్లు మొలుస్తాయని లోకానికి చూపిందీ ఈమే. ఒడిస్సీ నర్తకి కూడా.

సరే, వేడి గుడ్డులోకి వెళ్లి ఏ మీట నొక్కుతుంది? ఇళ్లలో గాజుతొట్టెల్లో పెంచే, చెవి దగ్గర ఎర్రచార ఉండే చిన్న తాబేలులో 2018లో జవాబు దొరికింది. చల్లగా ఉన్నప్పుడు కేడీఎం6బీ అనే జన్యువు చురుగ్గా పనిచేస్తుంది. అది డీఎంఆర్‌టీ1 అనే మరో జన్యువుకు వేసిన తాళం తీస్తుంది, వృషణం తయారవుతుంది. 2020లో మిగతా సగం తెలిసింది. వెచ్చబడితే కణంలోకి కాల్షియం చేరుతుంది. స్టాట్3 అనే ప్రోటీన్ మేల్కొని కేడీఎం6బీని అణిచేస్తుంది. తాళం తెరుచుకోదు, అండాశయం తయారవుతుంది. ఇసుకలో రెండు డిగ్రీల తేడా ఒక జన్యువు తాళం దాకా నడిచి వెళ్లిన ఈ దారిని ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో ఇల్మనైట్, గార్నెట్ కలిసిన నల్ల ఇసుక చారలుంటాయి. అది తెల్ల ఇసుకకన్నా తొందరగా కాగుతుంది. గొయ్యి లోతు పెరిగితే వేడి మారుతుంది. పైన నీడవల కడితే మారుతుంది. ఒక వాన పడితే మారుతుంది. ఎదిగే పిండాలు కూడా వేడి పుట్టిస్తాయి కనుక గోతి నడుమ గుడ్లు అంచు గుడ్లకన్నా వెచ్చగా ఉంటాయి. అంటే "ఇక్కడ తవ్వండ్రా" అని హేచరీ పెద్ద చెయ్యి చూపినప్పుడే వంద ప్రాణాలు ఆడవో మగవో సగం తేలిపోతున్నట్టే. ఇంత అధికారం తన చేతిలో ఉందని ఆయనకు ఎవరైనా చెప్పారా? వార్తల్లో ఎప్పుడూ ఎన్ని వేల పిల్లల్ని వదిలారనే ఉంటుంది, గోతిలో ఎన్ని డిగ్రీలున్నాయో ఉండదు. ఇసుక వేడెక్కడంతో ఆస్ట్రేలియా ఉత్తర గ్రేట్ బారియర్ రీఫ్‌లో పెద్దవి కాని ఆకుపచ్చ తాబేళ్లలో 99 శాతానికి పైగా ఆడవేనని 2018లో తేలింది. అయినా గోతికొక థర్మామీటరు పెట్టడం మనకు ఇంకా అలవాటు కాలేదు.

సోంపేట చిన్నారికి నా జవాబు ఇదీ. నువ్వు చూసిన పిల్లల గుడ్లు ఏ నెలలో పెట్టినవో అడుగు, తల్లీ. జనవరి చలిలో పెట్టినవైతే మగవి ఎక్కువ ఉండే వీలుంది. మార్చి చివర పెట్టినవైతే, నీడ లేని నల్ల ఇసుకలో పాతినవైతే, నీ ముందు నీళ్లలోకి పాకిన వాటిలో ఆడవే ఎక్కువ ఉండి ఉంటాయి.