కథ చెప్పకుండా 'కల్కి' గురించి

2024 జూన్ 27, గురువారం. 'కల్కి 2898 ఏడీ' పోస్టర్లన్నిటి మీదా విడుదల తేదీ అదే. తెలుగువాళ్లు మాత్రం ఆ సినిమాను ఒక వరసలో చూశారు. అందరికంటే ముందు అమెరికాలో ఉన్న మీరు, 26వ తేదీనే ప్రీమియర్లలో చూసేశారు. తెలంగాణ ప్రభుత్వం తెల్లవారుజాము 5.30 ఆటకు అనుమతి ఇచ్చింది కాబట్టి తర్వాతి వంతు హైదరాబాదుది. చెన్నైలో ఉన్న మేము చివర. తమిళనాడులో 2023 నుంచి ఉదయం 9 గంటలకు ముందు ఆట పడదు. ఆ ఏడు సంక్రాంతి సినిమాల వేళ, అర్ధరాత్రి దాటాక వేసిన ఆట దగ్గర, సంబరంలో లారీ ఎక్కిన ఒక కుర్రాడు కిందపడి చనిపోయాడు. ఆ తర్వాత వచ్చిన కట్టడి ఇది. నేను దాన్ని తప్పుపట్టను. సినిమా మూడున్నర గంటలు ఆలస్యమైతే మునిగిపోయేది ఏమీ లేదు.

కాకపోతే ఆ మూడున్నర గంటలూ ఫోన్ మోగుతూనే ఉంటుంది. డల్లాస్ నుంచి మా అక్క కొడుకు.

"మామయ్యా, లేచావా? చూసేశాం. చెప్పనా?"

"వద్దురా. బాగుందా, అది చెప్పు చాలు."

"బాగుంది మామయ్యా. ఇంటర్వెల్ తర్వాత మాత్రం..."

"అక్కడే ఆపెయ్."

ఆపేశాడు. చెప్పాలన్న ఆత్రం వాడి గొంతులో తెలుస్తూనే ఉంది, అయినా ఆపేశాడు. ఆ మర్యాదకు వాడికి నేను రుణపడ్డాను. ఈ సంచిక కోసం ఆ సినిమా గురించి రాయమన్నప్పుడు నేనూ అదే మర్యాద పాటించాలనుకున్నాను. ట్రైలర్లో కనిపించినదాన్ని దాటి కథలోకి వెళ్లను. ఇంకా చూడనివాళ్లు ఉంటారు. పుట్టి ఇంకా పదేళ్లు నిండని పిల్లలు మీ ఇళ్లలో ఉన్నారు, వాళ్లు ఏదో ఒక రోజు చూస్తారు.

నేను చూసింది వడపళనిలో, ఆర్కాట్ రోడ్డు మీది విజయా మాల్‌లో. ఆ చోటును కావాలనే ఎంచుకున్నాను. ఇవాళ మాల్, ఆసుపత్రి ఉన్న ఆ నేల ఒకప్పుడు విజయా వాహినీ స్టూడియోలది. 1957లో వచ్చిన 'మాయాబజార్' తయారైంది అక్కడే. కె.వి.రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్లే కెమెరా, పింగళి నాగేంద్రరావు మాటలు. తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. మూత తెరిస్తే మనసుకు నచ్చినవాళ్లు కనిపించే ప్రియదర్శిని పెట్టెను మన ప్రేక్షకులు చూసింది అందులోనే. ఇవాళ మీరు న్యూజెర్సీలో కూర్చుని గుంటూరులో ఉన్న అమ్మను ఫోన్‌లో చూస్తున్నారంటే, ఆ ఊహ మన తెర మీదికి ఎప్పుడో వచ్చింది. ఆ సినిమాకు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన యువకుడు సింగీతం శ్రీనివాసరావు. 1991లో 'ఆదిత్య 369' తీసింది ఆయనే. 'కల్కి'కి దర్శకుడు నాగ్ అశ్విన్ వెనుక మార్గదర్శిగా నిలబడింది కూడా ఆయనే, తొంభై దాటిన వయసులో. అరవై ఏడేళ్ల దూరాన్ని ఒకే మనిషి కలిపాడు. అది తలచుకుంటూ తొమ్మిది గంటల ఆటకు కూర్చున్నాను.

హాల్లో సగం మంది మనవాళ్లు. పెరంబూరు నుంచి వచ్చిన కుటుంబాలు, టీ నగర్ వ్యాపారస్తులు, ఐటీ ఉద్యోగాలకు వచ్చి స్థిరపడ్డ రాయలసీమ కుర్రాళ్లు. మిగతా సగం తమిళులు. వాళ్లలో కమల్ హాసన్ కోసం వచ్చినవాళ్లు కొందరు, సంగీతం ఇచ్చిన సంతోష్ నారాయణన్ కోసం వచ్చినవాళ్లు కొందరు. తమిళ వెర్షన్ వేరే ఆడుతున్నా తెలుగులోనే చూడాలని వచ్చినవాళ్లు వీళ్లు. నా పక్కన కూర్చున్న తమిళ అబ్బాయి అర్థం కాని చోట నన్ను అడగలేదు, తెరనే చూశాడు. ఆ ఓపిక నాకు బాగా నచ్చింది.

ముందుగా కంటిని పట్టేసింది కాశీ. గంగ ఎండిపోయిన కాశీ. ట్రైలర్లో ఒక క్షణం కనిపించిందది. పెద్ద తెర మీద కాసేపు అందులో ఉండాల్సి వచ్చేసరికి నిజంగా నోరెండింది. మనకు కాశీ అంటేనే నీళ్లు. తాతల అస్థికలు కలిపిన నీళ్లు. ఆ నీళ్లు లేని ఊరిని చూపిస్తే భవిష్యత్తు గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. ఆ ఊరి మీద వేలాడుతున్నట్టుండే కాంప్లెక్స్, తలకిందులైన పిరమిడ్. మంచి గాలి, పచ్చదనం, తిండి అన్నీ పైన. కింద దుమ్ము, యూనిట్లనే డబ్బు కోసం వేట. ఎవరు ఎక్కడ ఉండాలో ఆ కట్టడమే చెప్పేస్తుంది. విదేశీ సినిమాలు గుర్తుకు రాలేదా అంటే వచ్చాయి. ఇసుక, తుప్పు, పాత ఇనుముతో కట్టిన లోకాలు మనం ఇంతకుముందే చూశాం. అయితే వాటిలో ఏదీ కాశీ కాదు.

బుజ్జి గురించి చెప్పాలి. ప్రభాస్ వేసిన భైరవ నడిపే ఆ వాహనం కంప్యూటర్ బొమ్మ మాత్రమే కాదు. ఆరు టన్నుల బరువున్న నిజమైన బండిని మహీంద్రా సాయంతో, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్‌లో తయారుచేశారు. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనుక ఒకటి. దానికి గొంతు ఇచ్చింది కీర్తి సురేశ్. ఇనుముకు ఇంత చనువైన, కాస్త పొగరున్న గొంతు ఇవ్వడం మంచి ఆలోచన. బుజ్జి మాట్లాడినప్పుడల్లా హాల్లో పిల్లలు నవ్వారు. బరువున్న వస్తువు బరువుగా కదలడం తెర మీద తెలుస్తుంది. గ్రాఫిక్స్ ఎంత బాగున్నా ఆ తేడా కన్నుకు దొరికిపోతుంది.

అమితాబ్ బచ్చన్ అశ్వత్థామ అని అందరికీ ముందే తెలుసు. విడుదల నాటికి ఆయనకు 81 ఏళ్లు. ఈ సినిమాలో నేను మళ్లీ చూడాలనుకునేది ఎవరినంటే ఆయననే. ఆయన ఉన్న ప్రతి సన్నివేశం నెమ్మదిగా, గంభీరంగా నడుస్తుంది. వేల ఏళ్లు బతకడం వరం కాదు, శిక్ష. ఆ అలసట ఆయన భుజాల్లో కనిపించింది. ఇంతకంటే చెబితే మాట తప్పినట్టే.

నచ్చనివి కూడా ఉన్నాయి. మొదటి గంట చాలా మెల్లగా కదులుతుంది. ఆ లోకం నియమాలు చెప్పడానికే చాలా సమయం పట్టింది. భైరవ చుట్టూ అల్లిన హాస్యంలో సగం పేలలేదు, ప్రభాస్ అభిమానిగా నాకు అది కష్టంగానే అనిపించింది. ఊహించని ముఖాలు కొన్ని మధ్యలో వచ్చిపోతాయి; వాళ్లెవరో చెప్పను. వాళ్లను గుర్తుపట్టి జనం ఈల వేసినప్పుడల్లా మనం 2898 నుంచి మళ్లీ 2024కి వచ్చిపడతాం. మూడు గంటల సినిమాలో ఇది చిన్న నష్టం కాదు.

ఇక నన్ను ఆ రోజు నుంచీ ఆలోచింపజేస్తున్న విషయం. మన జనానికి కథ ముందే తెలియడం ఎప్పుడూ అడ్డు కాలేదు. హరికథకు వెళ్లేవాడికి సీతను రాముడు తెచ్చుకుంటాడని తెలుసు. కురుక్షేత్రం నాటకానికి వెళ్లేవాడికి ఎవరు గెలుస్తారో తెలుసు. పద్యం ఎలా ఎత్తుకుంటాడో చూడ్డానికే వెళ్తాడు. మరి అదే జనం 'కల్కి' దగ్గరికి వచ్చేసరికి ఫోన్లు కట్టేసి, కథ చెప్పొద్దని బతిమాలుకోవడం ఎందుకు? నాకు దొరికిన జవాబు ఇది: అశ్వత్థామ శాపం మనకు తెలుసు, కలియుగం చివర కల్కి వస్తాడనీ తెలుసు. ఆ రెంటి మధ్యా నాగ్ అశ్విన్ కురుక్షేత్రం నుంచి 2898 దాకా ఆరు వేల ఏళ్లు పరిచాడు. పాత కథకు కొత్త కథ ఎక్కడ అతుకుతుందో, అదే రహస్యం. దర్శకుడు మన కోసం దాచిపెట్టింది ఆ అతుకునే. 'మాయాబజార్' కూడా అంతే. శశిరేఖ పెళ్లి కథ వ్యాస భారతంలో లేదు. భారతం తెలిసిన జనం ముందు భారతంలో లేని కథను పెట్టి, పాండవులను ఒక్కసారి కూడా తెర మీదికి రానీయకుండా నడిపించారు. తెలిసిన లోకంలో తెలియని దారి. మన సైన్స్ ఫిక్షన్ పురాణం గుమ్మంలోంచి వస్తుందని కొందరు చిన్నచూపు చూస్తారు. నాకు అదే దాని బలంగా కనిపిస్తుంది. ఎండిన గంగను చూసి నోరెండిపోవాలంటే ముందు మనకొక గంగ ఉండాలి.

'ఆదిత్య 369' వేరే గుమ్మంలోంచి వచ్చింది. హెచ్.జి.వెల్స్ 1895లో రాసిన 'ది టైమ్ మెషీన్' స్ఫూర్తితో మొదలై, జంధ్యాల మాటలతో, ఇళయరాజా పాటలతో శ్రీకృష్ణదేవరాయల కొలువు దాకా నడిచింది. బాలకృష్ణను రాయలుగా చూసిన ఆ ఆనందం ఇంకా పచ్చగానే ఉంది. 2025 ఏప్రిల్ 4న దాన్ని 4కెలో మళ్లీ విడుదల చేశారు. 1991లో పుట్టనివాళ్లు కూడా పెద్ద తెర మీద చూశారు. వాళ్లకది కొత్త సినిమానే.

ఇంకా వెనక్కి వెళ్తే 1963లో ఈ చెన్నైలోనే 'కలై అరసి' అని ఒక తమిళ సినిమా వచ్చింది. ఎం.జి.ఆర్., మన భానుమతి. ఇంకో లోకంవాళ్లు తమ దగ్గర లేని కళల కోసం భూమికి వస్తారు. మిగతాది మీరు వెతికి చూడాల్సిందే.

'కల్కి' రెండో భాగం ఎప్పుడు వచ్చినా చూసే వరస బహుశా ఇదే: ముందు మీరు, చివర మేము. అప్పుడు మీ దగ్గర నుంచి మాకు కావలసినవి కొన్ని ఉన్నాయి. త్రీడీలో చూస్తే కళ్లు నొప్పెడుతున్నాయా? ఐమాక్స్‌కు అదనంగా పెట్టే డబ్బుకు న్యాయం జరుగుతుందా? ఆరేళ్ల పిల్ల మూడు గంటలు కూర్చోగలదా, భయపడే చోట్లున్నాయా? మాటలు వినిపిస్తున్నాయా, సంగీతం వాటిని మింగేస్తోందా? అమితాబ్ ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టారా? ఇవన్నీ చెప్పండి, ఎంత వివరంగా చెప్పినా వింటాం. కథ మాత్రం మేము చూశాక మాట్లాడుకుందాం, మా తొమ్మిది గంటల ఆట పన్నెండున్నరకల్లా అయిపోతుంది.