పెద్దపేగులో పాలిప్స్ – బ్యాక్టీరియా పాత్ర ఎంత?

మలంలో రక్తం కనబడగానే "మొలలే కదా" అనుకొని, నెలల తరబడి నాటుమందులు వాడి, చివరికి ఆసుపత్రికి వచ్చేవారున్నారు. వారిలో కొందరికి ఉన్నవి మొలలు కావు, పెద్దపేగులో పాలిప్స్.

పాలిప్ అంటే పేగు లోపలి పొర మీద పుట్టగొడుగులా పెరిగే చిన్న కండ. చాలావరకు ఇవి హాని చేయవు. అయితే అడినోమా అనే రకంలో కొన్ని సుమారు పది సంవత్సరాలలో క్యాన్సర్‌గా మారవచ్చు. వయస్సు, వంశపారంపర్యం, పొగత్రాగడం, మద్యం, స్థూలకాయం ఇందుకు కారణాలని మనకు తెలుసు. ఇప్పుడు పేగులోని బ్యాక్టీరియా వైపు కూడా వైద్యులు చూస్తున్నారు.

మన పెద్దపేగులో లక్షల కోట్ల బ్యాక్టీరియా నివసిస్తాయి. మనం తినే పీచుపదార్థాన్ని ఇవి పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. పేగు పొరలోని కణాలకు ఇదే ముఖ్యమైన ఆహారం. పీచు తగ్గితే మేలుచేసే బ్యాక్టీరియా తగ్గి, హానిచేసేవి బలపడతాయి. కొన్ని రకాల ఇ.కోలై బ్యాక్టీరియా కోలిబాక్టిన్ అనే విషంతో కణాల డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తాయి.

2017లో ప్రచురితమైన అమెరికా నర్సుల అధ్యయనం మనల్ని ఆలోచింపజేస్తుంది. 20–39 సంవత్సరాల వయస్సులో మొత్తం రెండు నెలలు లేక అంతకు మించి యాంటీబయాటిక్స్ వాడిన స్త్రీలలో, తరువాతి కాలంలో అడినోమాలు 36 శాతం ఎక్కువగా కనబడ్డాయి. మందులే కారణమని దీనితో రుజువు కాలేదు. అయినా జలుబుకు కూడా మందుల షాపులో యాంటీబయాటిక్ అడిగి కొనే అలవాటు మనం మానుకోవాలి. డాక్టరు రాసిన కోర్సు మాత్రం మధ్యలో ఆపకండి.

మనం చేయవలసినవి:

• జొన్నలు, రాగులు, పప్పుధాన్యాలు, ఆకుకూరలు, జామకాయలు రోజువారీ భోజనంలో చేర్చుకోవాలి.

• పొగాకు, మద్యం మానాలి.

• మలంలో రక్తం, మలవిసర్జనలో కొత్తగా వచ్చి మూడు వారాలైనా తగ్గని మార్పు, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం ఉంటే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించుకోవాలి.

• తల్లిదండ్రులకు, తోబుట్టువులకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, 40వ ఏటనే లేక వారికి జబ్బు బయటపడిన వయస్సుకు పదేళ్ల ముందే, ఏది ముందైతే అప్పుడు, కొలనోస్కోపీ చేయించుకోవాలి.

కొలనోస్కోపీ చేస్తూనే చాలా పాలిప్స్‌ను తీసివేయవచ్చు. అంటే క్యాన్సర్ రాకముందే దానిని ఆపవచ్చు. సిగ్గుపడి దాచుకోవద్దు. ఈ దేహం దేవుడు మనకప్పగించినది. దానిని కాపాడుకోవడం కూడా ఆయనపట్ల మన బాధ్యతే.